ఎస్‌యూవీకి కంపెనీ నుంచే నల్లద్దాలు, సెడాన్‌కు ఎందుకు రావు? బండి తరగతి, అద్దం రూల్ మీద చర్చ

పానగల్లు05

ఒక డౌట్ తీర్చుండ్రి. అమెరికా వీడియోలల్ల ఏ ఎస్‌యూవీ చూసినా వెనక డోర్లు, డిక్కీ అద్దం కంపెనీ నుంచే నల్లగ వస్తున్నయి. అదే కంపెనీ సెడాన్‌కు మాత్రం అద్దాలన్నీ తెల్లగనే ఉంటయి. ఇక్కడ డెకరేషన్ షాపుల అడిగితే "ఎస్‌యూవీది వేరే క్లాసు, వెనక ముదురు ఫిలిం ఏసుకోవచ్చు, కార్లనే పట్టుకుంటరు" అంటున్నరు. మన దగ్గర అసలు అట్ల రూల్ ఉన్నదా? ఉంటే ఆర్సీల ఏ గడి చూడాలె?

రూల్‌బుక్

లేదు. షాపువాళ్లు చెప్పేది అమెరికా రూలు, అది నల్లగొండలో చెల్లదు.

మన దగ్గర చూడాల్సింది కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని రూల్ 100. ముందద్దం, వెనకద్దం గుండా కనీసం 70 శాతం వెలుతురు లోపలికి రావాలి. పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం రావాలి. "ప్రతి మోటారు వాహనం" అని ఉంది తప్ప కారుకు ఒకటి, జీపుకు ఒకటి అని లేదు. అంటే ఇక్కడ లెక్క బండి తరగతిని బట్టి కాదు, అద్దం ఎక్కడుందో దాన్ని బట్టి.

ఆర్సీలో వెతికినా ఎస్‌యూవీ అనే గడి దొరకదు. సెడాన్‌కూ ఎస్‌యూవీకీ ఒకటే మాట, మోటార్ కార్, ఎల్ఎంవీ. టైప్ అప్రూవల్ (కొత్త మోడల్ అమ్మే ముందు తీసుకోవాల్సిన ఆమోదం) భాషలో రెండూ ఎం1: డ్రైవరు కాక 8 సీట్లకు మించని ప్రయాణికుల బండి. ఎస్‌యూవీకి లెక్క కట్టిన నిర్వచనం ఒకటి 2025 సెప్టెంబర్ దాకా జీఎస్టీ సెస్సులో ఉండేది. 4 మీటర్లు దాటిన పొడవు, 1500 సీసీ దాటిన ఇంజన్, 170 మిల్లీమీటర్లకు తగ్గని గ్రౌండ్ క్లియరెన్స్. అది పన్ను కోసం పెట్టిన కొలత, అద్దాలతో దానికి సంబంధం లేదు.

డాలస్_దేవరకొండ

అమెరికా సంగతి నేను చెప్త. అక్కడ అద్దాలకు ఫెడరల్ ప్రమాణం 205 నంబరుది. బండి నడపడానికి చూపు అవసరమైన అద్దాలన్నీ 70 శాతం వెలుతురు ఇయ్యాలె. మరి ఏ అద్దం అవసరం, ఏది కాదు అన్నకాడనే తరగతి వస్తది.

ప్యాసింజర్ కారైతే అద్దాలన్నీ అవసరమైనవే. అందుకే సెడాన్ వెనక డోరద్దం కూడ ఫ్యాక్టరీల 70 కన్న కిందికి దించరు. ట్రక్కు, మల్టీపర్పస్ ప్యాసింజర్ వెహికిల్ అయితే డ్రైవరు వెనకాల ఉన్న అద్దాలు ఆ లెక్కల రావు, బయట రెండు దిక్కుల మిర్రర్లు ఉంటయి గనక. కంపెనీవాళ్లు అక్కడ 20 శాతం దాపు వెలుతురే వచ్చే ముదురు అద్దం బిగిస్తరు.

మల్టీపర్పస్ అంటే 10 మంది లేదా అంతకు తక్కువ మందికి చేసిన బండి, ట్రక్కు ఛాసిస్ మీద కట్టినదన్నా కావాలె, అప్పుడప్పుడు దారిలేని చోట నడిచేటందుకు ప్రత్యేక ఏర్పాట్లన్నా ఉండాలె. మినీవ్యాన్లు కూడ దీంట్లనే వస్తయి. అందుకే పిల్లల్ని బడికి దింపే మినీవ్యాన్‌కు నల్లద్దాలు, పక్కనే ఉన్న పెద్ద సెడాన్‌కు తెల్లద్దాలు.

ఏ తరగతో కంపెనీయే సర్టిఫై చేస్తది. డ్రైవర్ డోరు తెరిస్తే బి పిల్లర్ (ముందు, వెనక డోర్ల నడుమ స్తంభం) మీదనో, డోరు అంచు మీదనో స్టిక్కర్ ఉంటది. అండ్ల "టైప్" అన్నకాడ ప్యాసింజర్ కార్ అనో ఎంపీవీ అనో ఉంటది. ఇక్కడ పొరపాటు పడొద్దు, ఈ ఎంపీవీ మనం ఎర్టిగాను అనే ఎంపీవీ కాదు. న్యూయార్క్ రాష్ట్రమైతే ఆ స్టిక్కర్‌నే ఆధారం చేస్కుంటది. సెడాన్, హ్యాచ్‌బ్యాక్, స్టేషన్ వ్యాగన్ లాంటివాటికి వెనక పక్కద్దాలు కూడ 70 శాతం ఉండాలె, ఎంపీవీ అయితే అక్కర్లేదు.

చిట్యాల_చౌరస్తా

మరి యూరప్ బండ్లల్ల చిన్న హ్యాచ్‌బ్యాక్‌కు కూడ వెనకంతా నల్లగనే ఉంటది కదా. అది ట్రక్కు కాదాయె.

రూల్‌బుక్

అక్కడ యూఎన్ రెగ్యులేషన్ 43. దానికి కారు, ఎస్‌యూవీ తేడా లేదు, బి పిల్లర్ తేడా ఉంది. డ్రైవరు సీటు పక్కనున్న నిలువు స్తంభం గీత లాంటిది. దానికి ముందున్న అద్దాలు 70 శాతం, వెనకవి అంతకన్నా ముదురుగా ఉండొచ్చు. 70కి తగ్గిన అద్దం మీద ముద్రలో రోమన్ ఐదు, అంటే ఇంగ్లీషు "వి" అక్షరం కొడతారు.

కాబట్టి అమెరికా బండి తరగతిని అడుగుతుంది, యూరప్ స్తంభానికి ముందా వెనకా అని అడుగుతుంది. మనవాళ్లు ముందు, వెనక, పక్క అని మూడు మాటల్లో తేల్చేశారు. విడ్డూరం ఏమంటే ఆ రెండు చోట్లా డిక్కీ అద్దం అందరికన్నా ముదురుగా ఉండగలదు, మన దగ్గర అదే పక్కద్దం కన్నా తేటగా ఉండాలి. మూడో వరుస పక్కనుండే క్వార్టర్ గ్లాసుకు 50 చాలు, దాన్ని ఆనుకున్న డిక్కీ అద్దానికి 70 కావాలి. అమెరికా కొలతతో ఫిలిం వేసేవాళ్లు అందరికన్నా ముదురుది తీసుకెళ్లి సరిగ్గా ఆ డిక్కీ అద్దానికే అంటిస్తారు.

జడ్చర్ల_యెల్లోబోర్డు

పైన అందరు ఎం1 గురించే చెప్తున్నరు. తరగతి మనకు అసలే పనికిరాదంటే నేను ఒప్పుకోను. శాతం మారదు, కని బండి అద్దాన్ని ఎవరు, ఎప్పుడు చూస్తరనేది తరగతే తేలుస్తది.

సొంత బండి, తెల్లబోర్డు అయితే 15 ఏండ్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ వచ్చేదాక ఆర్టీఏ ఆఫీసు దిక్కు పోయే పని తక్కువ. అద్దం దొరికేది రోడ్డు మీదనే, ఎన్‌హెచ్ 44 మీదనో ఎన్‌హెచ్ 65 మీదనో. యెల్లోబోర్డుకు అట్ల నడవదు. కొత్త బండికి 2 ఏండ్లు, తర్వాత 8 ఏండ్ల వయసు దాక 2 ఏండ్లకొకసారి, ఆపైన ఏటేటా ఫిట్‌నెస్. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందర బండి నిలబడ్డప్పుడు ఫిలిం కనవడితే పీకి రమ్మంటడు, ఆ రోజు కిరాయి పాయె.

టెంపో ట్రావెలర్ లాంటివి ఎం2 (డ్రైవరు కాక 8 సీట్లు దాటి, బరువు 5 టన్నుల లోపల), 5 టన్నులు దాటిన బస్సు ఎం3. వీటికి కూడ పక్క 50, వెనక 70. ఏసీ బస్సు గదా అని ప్రత్యేకం ఏం లేదు.

కోదాడ_బార్డర్

మా దిక్కు ట్రాక్టర్ క్యాబిన్లకు నల్లటి అక్రిలిక్ షీట్ వేస్తున్నారు. ట్రాక్టర్‌కు రూల్ 100 లేదు కదండీ?

రూల్‌బుక్

సగమే నిజం. సేఫ్టీ గ్లాసే ఉండాలన్న మొదటి ఉపనిబంధనలో వ్యవసాయ ట్రాక్టర్‌ను మినహాయించారు. వెలుతురు శాతం చెప్పే రెండోదాంట్లో ఆ మినహాయింపు లేదు, అక్కడ మళ్లీ ప్రతి మోటారు వాహనం అనే మాటే ఉంది. ఆటోలకు, హుడ్డు, పక్క తెరలు ఉండే బండ్లకు కిటికీల్లో అక్రిలిక్ గానీ ప్లాస్టిక్ గానీ వాడుకోవచ్చు, కానీ అది పారదర్శకమైన షీటై ఉండాలి. నల్లది వేస్తే ఆ వెసులుబాటు కిందికి రాదు.

పానగల్లు05

సరే. అయితే 50 శాతం ఫిలిం కొని పక్కద్దాలకు ఏస్తే అయిపాయె కదా? షాపుల 50 నంబర్ దొరుకుతున్నది.

పాలమూరు_అద్దాలు

అందరు బోల్తా పడేది ఇక్కడనే. 50 అనేది ఫిలిం నంబర్ కాదు, అద్దం ఫిలిం కలిసినంక మిగిలేది.

కంపెనీ అద్దం తెల్లగ కనవడ్డా నూటికి నూరు ఇయ్యది. రంగులేని అద్దమే 90 దాపు ఆగుతది. మన బండ్లల్ల ఎక్కువ వచ్చే లేత ఆకుపచ్చ అద్దం అంతకన్న ఇంక దిగుతది. ఆ అద్దం శాతాన్ని ఫిలిం శాతంతోని గుణించాలె. మీటర్ల అద్దం 75 చూపెట్టిందనుకో. 50 ఫిలిం ఏస్తే 37.5. 35 ఫిలిం ఏస్తే 26. 70 ఫిలిం ఏస్తేనే 52.5, అంటే పక్కద్దానికి అంచున నిలబడ్డట్టు. అదే 70 ఫిలింను 71 అద్దం మీద ఏస్తే 49.7, ఫెయిల్. రెండు బండ్లకు ఒకటే రోల్ కోసినా ఒకటి పాసై ఇంకొకటి పోయేది ఇందుకే.

ముందద్దం కత కష్టం. 78 ఉన్న అద్దానికి 90 ఫిలిం ఏస్తే 70.2. గీత గీసినట్టు బయటపడుతది, జర దుమ్ము పడితే అదీ పోతది. డిక్కీ అద్దానికి గూడ ఇదే లెక్క. అందుకే నా మాట, ముందు వెనక ఫిలిం ఆలోచన ఇడిసిపెట్టుండ్రి.

కొలిచేటప్పుడు: మీటర్ రెండు ముక్కలది కావాలె, లైటు ఒకటి, రిసీవర్ ఒకటి. చీలిక ఉన్న ఒకటే ముక్క మీటర్ దింపిన డోరద్దం అంచుకే ఎక్కుతది, డిక్కీ అద్దానికి పనికిరాదు. ముందుగాల మధ్యల అద్దం లేకుండ రెండు ముక్కలు ఎదురెదురుగ పెట్టి 100 చూపెట్టేటట్టు సెట్ చేయాలె. అద్దం రెండు దిక్కుల తుడువాలె, ఆరాలె. ఒక్క జాగల కాదు, మూడు జాగలల్ల చూడాలె. అంచుకున్న నల్ల చుక్కల పట్టీ సిరామిక్ పెయింట్, అద్దాన్ని అంటించిన గమ్ముకు ఎండ తగలకుండ ఏసింది. దాని మీద పెట్టి కొలిచి "ఫెయిల్" అనేటోళ్లు గూడ ఉన్నరు.

చిట్యాల_చౌరస్తా

శాతం సరిపోయినా ఫిలిం అంటించుడే నిషేధం అని సుప్రీంకోర్టు చెప్పలేదా?

రూల్‌బుక్

చెప్పింది. అవిషేక్ గోయెంకా కేసులో 2012 ఏప్రిల్ 27న తీర్పు వచ్చి, అదే ఏడాది మే 4 నుంచి అమలైంది. ఎంత శాతం ఫిలిం అయినా, వేరే ఏ పదార్థమైనా, సేఫ్టీ గ్లాసు మీద అంటించకూడదు. అద్దం తయారీలోనే రంగు కలిసి 70, 50 నిలబడితే అభ్యంతరం లేదు. పోలీసులు చలానా రాసి వదిలేయడం కాదు, ఫిలిం తీయించాలి కూడా. ఇదంతా అప్పటి రూల్ 100 మాటల మీద ఇచ్చిన తీర్పు.

తర్వాత రూల్ మాటే మారింది. 2021 ఏప్రిల్ 1 నుంచి "సేఫ్టీ గ్లాస్" పక్కన "సేఫ్టీ గ్లేజింగ్" చేరింది, దానికి ప్రమాణం ఐఎస్ 2553 రెండో భాగం, 2019 సవరణ. లోపలి వైపు ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం కూడా ఆ ప్రమాణంలోకి వస్తుంది. దీని ఆధారంగానే 2024 సెప్టెంబర్‌లో కేరళ హైకోర్టు, ముందు వెనక 70, పక్కల 50 నిలిస్తే ఫిలిం ఉన్న గ్లేజింగ్ తప్పు కాదంది.

అది పట్టుకుని ఇక్కడ చలానాతో వాదించే ముందు రెండు విషయాలు చూసుకోండి. కేరళ హైకోర్టు తీర్పును తెలంగాణలో ఉదహరించవచ్చు, కానీ ఇక్కడి కోర్టు దానికి కట్టుబడాల్సిన పని లేదు. రెండోది, ఆ తీర్పు ఏ ఫిలిం అయినా సరే అనలేదు. ఐఎస్ 2553 ప్రమాణం, శాతం, రెండూ నిలబడాలి. షాపులో మీటరుకు ఇంత అని కోసిచ్చే రోల్‌కు ఆ కాగితం ఎక్కడిది?

డాలస్_దేవరకొండ

రెండు దేశాల నడుమ అసలు తేడా గూడ ఇక్కడనే ఉన్నది. అమెరికాల ఫెడరల్ రూల్ కంపెనీని, డీలర్‌ను, రిపేర్ షాపును కట్టేస్తది, ఓనర్ సొంతంగ చేస్కునేదాన్ని రాష్ట్రం చూస్కుంటది. టెక్సాస్‌ల ముందు డోరద్దం ఫిలింతో కలిపి 25 శాతానికి తగ్గకుంటె సాలు. మన రూల్ 100ల "అట్లనే ఉంచాలె" అనే మాట ఉన్నది, అంటే కొన్నంక కూడ ఓనరే బాధ్యుడు.

కోదాడ_బార్డర్

ఫార్చునర్‌కు విదేశీ సెకండ్ హ్యాండ్ వెనకద్దాలు దొరుకుతున్నాయండీ, కంపెనీ ప్రైవసీ గ్లాసే. ఫిలిం కాదు కాబట్టి సుప్రీంకోర్టు తీర్పు తగలదు కదా?

పాలమూరు_అద్దాలు

తీర్పు తగలకపోయినా రూల్ తగుల్తది. అది 20 శాతం దాపు అద్దం, పక్కకు 50, డిక్కీకి 70 కావాలె. ముద్ర చూస్తే దూరం నుంచే తెలుస్తది. అద్దం కింది మూలకు ఇవి చూడుండ్రి:

ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 ఉంటే మన దేశం కోసం చేసింది. వట్టి గుండ్రం లోపల "ఈ" అక్షరం, పక్కన అంకె, 43ఆర్ అని ఉంటే యూరప్‌ది, దాంట్ల "వి" ఉంటే 70కి తక్కువ. డీఓటీ నంబర్, ఏఎస్ అని ఉంటే అమెరికాది. ఏఎస్1 ముందద్దం, ఏఎస్2 మిగిలిన చోట్ల పెట్టే 70 దాటిన అద్దం, ఏఎస్3 అంటే 70కి తగ్గింది, అక్కడ ఎస్‌యూవీ వెనకాల పెట్టేది. ఒక బండి మీద రెండు మూడు దేశాల గుర్తులు కలిసి ఉంటే బయపడొద్దు, ఎగుమతి కోసం అట్ల కొడతరు. కని ఐఎస్ఐ గుర్తు లేకుండ ఒక్క ఏఎస్3 ఉన్న అద్దాన్ని ఇక్కడ బిగిస్తే దాన్ని కాపాడే కాగితం లేదు.

ఇంకొకటి. డిక్కీ అద్దం మారిస్తే డీఫాగర్ (వేడెక్కి అద్దం మీది ఆవిరిని పోగొట్టేది) గీతలకు వైరు తగిలించే టెర్మినల్, యాంటెన్నా పాయింట్ మోడల్ మోడల్‌కు వేరే జాగల ఉంటయి. అద్దం కూసుంటది, వైరు అందది.

జడ్చర్ల_యెల్లోబోర్డు

అద్దం తీసేసి రేకు కొట్టిస్తే శాతం గొడవే ఉండదు గదా, సామాన్ల వ్యాన్‌లాగ?

రూల్‌బుక్

వ్యాన్‌గా తయారై, ఎన్1 సరుకుల బండిగా రిజిస్టరైతే అక్కడ కిటికీయే లేదు, కాబట్టి అద్దం రూలూ లేదు. ఎం1 బండికి అద్దం తీసి రేకు కొడితే అది సెక్షన్ 52 కింద మార్పు. ఆర్టీఏ అనుమతి, ఆర్సీలో నమోదు లేకుండా చేస్తే అద్దం చలానా కన్నా పెద్ద తలనొప్పి.

పానగల్లు05

ఇంక ఫిలిం పీకుడే మేలు అనిపిస్తున్నది. డిక్కీ అద్దం మీద డీఫాగర్ గీతలున్నయి, అవి పోకుండ ఎట్ల తీయాలె? ఎండకు మరి ఏం చేయాలె?

పాలమూరు_అద్దాలు

పక్కద్దాలు సులువు. స్టీమర్ ఉంటే మంచిది, లేకపోతే హీట్ గన్. అద్దానికి జానెడు దూరం పెట్టి ఆడిస్త ఉండాలె, ఒక్కకాడ నిలిపితే రబ్బర్ బీడింగ్ మాడుతది. పై మూల గోరుతోని లేపి, గుంజేటప్పుడు ఫిలింను అద్దానికి దగ్గరగ మడిచి, నిమ్మలంగ లాగాలె. గబుక్కున గుంజితే పొర రెండుగ చీలి గమ్ము అద్దానికే ఉంటది. అది పోవాలంటే సబ్బునీళ్లు కొట్టి ప్లాస్టిక్ స్క్రేపర్, మిగిలిన జిగురుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ బట్టకు అద్ది తుడువాలె. పవర్ విండో స్విచ్‌ల మీద ముందే తువ్వాల కప్పుండ్రి, నీళ్లు కారేది అక్కడికే.

డిక్కీ అద్దానికి బ్లేడు ముట్టియ్యొద్దు, ఇనుప స్క్రబ్బర్ అస్సలొద్దు. గీతలు లోపలి దిక్కు అద్దం మీద ముద్రేసిన సన్నటి వెండి కలిసిన పూత, ఒక్క గీత తెగితే ఆ వరుస వేడెక్కదు. మన మే నెల ఎండ దీనికి బాగ పనికొస్తది. బయటి దిక్కు సబ్బునీళ్లు కొట్టి, నల్ల పాలిథిన్ కవర్‌ను అద్దమంత కోసి అంటించి, బండి వెనక భాగం ఎండకు పెట్టి గంట దాటనియ్యాలె. గమ్ము మెత్తవడ్డంక లోపలి నుంచి లాగుండ్రి, అదీ గీతలు ఎటు పోతే అటే అడ్డంగ, పై నుంచి కిందికి కాదు. గమ్ము మిగిలితే మళ్ల సబ్బునీళ్లు, మళ్ల కవర్. ఆఖరుకు డీఫాగర్ ఆన్ చేసి అద్దం మీద నోటితో ఆవిరి ఊది చూడుండ్రి, ఆరని వరుస తెగినట్టు.

రూల్‌బుక్

ఎండ గురించి: నలుపు, చల్లదనం ఒకటి కావు. సూర్యుడి వేడిలో సగం దాకా కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్‌దే. చవక నల్ల ఫిలిం కనపడే వెలుతురును మింగి తానే వేడెక్కుతుంది, ఆ వేడిలో కొంత లోపలికే వస్తుంది. లేత ఆకుపచ్చ అద్దంలో ఉండే ఇనుము, తేటగా కనపడుతూనే ఇన్‌ఫ్రారెడ్‌ను కొంత ఆపుతుంది. పగిలిన అద్దం మార్చేటప్పుడు రంగులేని చవక అద్దం వేయించుకుంటే ఆ లాభం పోతుంది, కాబట్టి కంపెనీ బిగించినలాంటి ఆకుపచ్చదే అడిగి వేయించుకోండి. ముందద్దం లామినేటెడ్, అంటే రెండు అద్దాల పలకలు అతికించింది, మధ్యలో ఉండే పొర అల్ట్రావయొలెట్‌ను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. చర్మం కోసం అక్కడ ఫిలిం అక్కర్లేదు.

బండి ఆపినప్పుడు ముందద్దానికి వెండి రంగు షేడ్ లోపల నుంచి పెట్టండి. బండి నడిచేటప్పుడు అద్దానికి అతుక్కునే జాలీ తెరలు పెడితే అవి కూడా "వేరే ఏ పదార్థమైనా" అన్న మాట కిందికి వస్తాయి. కదిలే ముందు తీసేయాలి.

పానగల్లు05

సమజైంది. ఆఖరుది, సన్‌రూఫ్ అద్దం కంపెనీ నుంచే నల్లగ ఉంటది గదా, దానికి ఎంత శాతం?

రూల్‌బుక్

రూల్ 100లో శాతం చెప్పింది ముందద్దం, వెనకద్దం, పక్కద్దాలకే. నెత్తి మీది అద్దం ఆ మూడింట్లో లేదు.

పాలమూరు_అద్దాలు

కంపెనీదైతే ఉండనీ. దాని మీద మళ్ల ఫిలిం ఏయించకుండ్రి, నల్లద్దం మీద నల్ల ఫిలిం పడితే అద్దం మామూలు కన్న ఎక్కువ వేడి గుంజుతది, అంచు రబ్బర్ తొందరగ గట్టివడి వానాకాలం నీళ్లు కారుతయి.

చిట్యాల_చౌరస్తా

రెండు ముక్కల మీటర్ నల్లగొండల కిరాయికి దొరుకుతదా ఎవరికన్నా తెలిస్తే కింద రాయుండ్రి.